మిరప కళ్లంలో సగం దారి

సన్యాసినాయుడూ నాగరత్నా విడిపోయిన సంగతి వాళ్లుండే వీధుల్లో చాలామందికి చాన్నాళ్ల దాకా తెలియలేదు. అంత మర్యాదగా విడిపోయారు.

నాయుడిది పలాస. హిందూపురంలో ఒక నూలు మిల్లులో మెకానిక్కుగా చేరి, ఎదురుగా ఉన్న బళ్లో లెక్కలు చెప్పే నాగరత్నను ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. ఇందుమతి పుట్టింది. కొన్నేళ్లకు మిల్లు మూతపడింది. పలాస వెళ్లి జీడిపప్పు ఫ్యాక్టరీలో చేరదామన్నాడు నాయుడు. తన ఊరూ తన బడీ వదిలి రానంది నాగరత్న. రెండేళ్లపాటు ఫోన్లోనే కాపురం చేశారు, ఫోన్లోనే పోట్లాడుకున్నారు, చివరికి ఇద్దరికీ ఓపిక చచ్చిపోయి కోర్టుకు వెళ్లారు.

జడ్జిగారు మంచి మనిషి. పాపకు ఎనిమిదేళ్లు కాబట్టి తల్లి దగ్గర ఉండి చదువుకోవాలనీ, వేసవి సెలవులూ దసరా సెలవులూ తండ్రి దగ్గర గడపాలనీ చెప్పారు. పలాసకీ హిందూపురానికీ మధ్య దూరం వెయ్యి కిలోమీటర్లు దాటుతుందని విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. పిల్లను తెచ్చి తీసుకెళ్లే భారం ఒక్కరి మీదే పడకూడదు గనక సగం దారిలో కలుసుకోండని అన్నారు. ఆ మాట అన్నప్పుడు జడ్జిగారి మనసులో ఏ విజయవాడ స్టేషనో, ఏ గుంటూరు బస్టాండో ఉండి ఉంటుంది. గుమాస్తా ఆ మాటను అలాగే టైపు చేశాడు. 'సగం దారిలో.'

ఆ కాగితం అక్కడితో ఆగి ఉంటే అందరూ సుఖంగా ఉండేవాళ్లు. కాని దూరాభారంలో ఉన్న తల్లిదండ్రుల కోసం ఆ మధ్యనే కొత్తగా ఒక ఆఫీసు పెట్టారు. దాని పేరు సంతాన సమభాగ పర్యవేక్షణ కార్యాలయం. బల్లలు వచ్చాయి, బీరువాలు వచ్చాయి, బయట బోర్డు కట్టారు. ఎనిమిది నెలలైనా ఒక్క ఫైలు రాలేదు. దాని అధికారి విరూపాక్షరావు రోజూ పదింటికల్లా వచ్చి, ఖాళీ బీరువాకు తాళం తీసి, సాయంత్రం మళ్లీ వేసుకుని వెళ్లేవాడు. అలాంటి మనిషి చేతికి ఇందుమతి ఫైలు వచ్చింది. ఆయన దాన్ని మూడుసార్లు చదివి, 'సగం దారి' కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన ఇలా రాశాడు: 'సగము అనగా ఎంత? ఎచ్చట? ఎవరు కొలిచినారు?'

పదిహేను రోజుల తర్వాత పలాసలో నాయుడి ఇంటి ముందు ఒక జీపు ఆగింది. అందులోంచి సర్వేయరు జిలానీ దిగాడు. నడివయసు మనిషి, తక్కువ మాట్లాడతాడు. వెనక విరూపాక్షరావు గొడుగుతో దిగాడు. ఇంటి గడప నుంచి కొలవాలన్నారు. నాయుడు కొలుచుకోమన్నాడు. అయితే అతని ఇంటికి రెండు గడపలున్నాయి. ముందు గుమ్మానికి అడ్డంగా పాత మోటార్లు పడి ఉండటం వల్ల అతను వెనక గుమ్మం లోంచే వస్తూపోతూ ఉంటాడు. ఈ విషయం మీద విరూపాక్షరావు చాలాసేపు ఆలోచించాడు. చివరికి వెనక గుమ్మాన్ని 'నిజ నిష్క్రమణ ద్వారము'గా గుర్తిస్తూ అక్కడే నిలబడి ఉత్తర్వు రాసి సంతకం పెట్టాడు.

హిందూపురంలో నాగరత్న మేడమీద అద్దెకుంటోంది. ఆమె దూరం మేడ మెట్ల మీంచి మొదలవాలా, మెట్ల కిందినుంచా అన్న ప్రశ్న వచ్చింది. పంతొమ్మిది మెట్లనూ ఏటవాలుగా కొలిచి కలిపారు. మొత్తాన్ని సగం చేస్తే, ఆ బిందువు గుంటూరు శివారు దాటాక రోడ్డుకు ఆనుకుని ఉన్న ఒక మిరప కళ్లంలో పడింది. ఆ కళ్లం అంకమ్మ అనే రైతుది. అరవై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. ఎండబెట్టిన మిరపకాయల మధ్య నాలుగు కుప్పలు పక్కకు జరిపించి అక్కడ రాయి పాతుతుంటే, ఇది ఎవరి సమాధి అని అడిగిందట. సమదూర బిందువు అని చెప్పారు. ఆమెకు అర్థం కాలేదు. పిల్లను అప్పగించే చోటని జిలానీ విడమరిచి చెప్పాక, అయితే కాసిని మజ్జిగ చేసి ఉంచుతానంది.

ఏప్రిల్ చివర మొదటి అప్పగింత. నాయుడు ఫ్యాక్టరీలో రెండు రోజులు సెలవు పెట్టి, రాత్రంతా రైల్లో కూర్చుని, ఉదయం ఎనిమిదికే కళ్లం చేరుకున్నాడు. ఆరు నెలలైంది కూతుర్ని చూసి. రాయి పక్కన నిలబడి రోడ్డు మీదికి చూస్తున్నాడు. ఎర్రటి ఎండ, ఎర్రటి కాయలు, గాలి కొడితే చాలు అందరికీ తుమ్ములు. విరూపాక్షరావు జేబురుమాలు ముక్కుకు కట్టుకుని దగ్గరకు వచ్చాడు.

"తమరు ఇచ్చటికి విచ్చేసినారు. ఎదుటి పక్షము వారి బస్సు ఇంకను ముప్పది ఎనిమిది కిలోమీటర్ల దూరమున ఉన్నది. ఇది సమానమగునా?"

నాయుడికి ప్రశ్న అర్థం కాలేదు. "కూకుంటానండి. ఆళ్లొచ్చీవరకూ ఈ నీడన కూకుంటాను."

కూర్చోవడానికి నిబంధన ఒప్పుకోదని తేలింది. ఎదుటి పక్షం ముప్పై ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఈ పక్షం కూడా అంతే దూరంలో ఉండాలి. నాయుడు మళ్లీ బస్సెక్కి, విజయవాడ వైపు ముప్పై ఎనిమిది కిలోమీటర్లు వెనక్కి వెళ్లాడు. అతను అక్కడ దిగేసరికి ఇక్కడ నాగరత్న ఇందుమతిని వెంటబెట్టుకుని కళ్లంలో దిగింది. ఎదుటి పక్షము వారు ముప్పై ఎనిమిది కిలోమీటర్ల దూరాన ఉన్నారు కాబట్టి ఆమెను కూడా వెనక్కి పంపారు. నాయుడు తిరిగి వచ్చేటప్పటికి కూతురు మళ్లీ లేదు. మిరపకాయలున్నాయి. విరూపాక్షరావు ఉన్నాడు. చేతిలో గడియారం ఉంది.

అలా మూడుసార్లు జరిగింది. రెండోసారి అతని బస్సు కదులుతుండగా, వెనక వచ్చి కళ్లం దగ్గర ఆగుతున్న బస్సు కిటికీలో ఇందుమతి కనిపించింది. జుట్టు రేగిపోయి, తల కిటికీ ఊచకు ఆనించి ఉంది. నాయుడు చెయ్యి ఊపాడు. ఆ పిల్ల చూడలేదు. ఆ చెయ్యి అలాగే కాసేపు కిటికీ బయట ఉండిపోయింది.

నాలుగోసారి వెనక్కి బయల్దేరబోతుంటే జిలానీ అతన్ని పక్కకు పిలిచాడు. కొలవడం తప్ప సలహా చెప్పడం తన ఉద్యోగంలో లేదని ముందే చెప్పి, ఇద్దరి దగ్గరా ఫోన్లు ఉన్నాయి కదా అన్నాడు.

విడిపోయాక నాయుడు నాగరత్నకు తనంతట తాను ఫోన్ చేయడం అదే మొదలు. పాపకు రెండుసార్లు వాంతైందని ఆమె చెప్పింది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఎండలో ఇంకెన్నిసార్లు తిప్పుతారో అడగమంది. ఇద్దరూ చెరో పక్క చెరో టీ కొట్టు దగ్గర ఆగి, ఒకటి, రెండు, మూడు అనుకుని బస్సులెక్కారు. నాలుగున్నరకు అటొక కాలు ఇటొక కాలు ఒకేసారి కళ్లంలో పెట్టారు. విరూపాక్షరావు ఆనందంతో తుమ్మాడు.

అప్పగింతకు ముందు ఫారం నింపాలి. ఇందుమతిని రాయి మీద నిలబెట్టారు. మిరపకాయలు తూచే కాటా మీద కూర్చోబెట్టి తూచారు. ఇరవై మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. పళ్లు ఇరవై నాలుగు. 'యాస' అన్నచోట 'హిందూపురపుది' అని రాశారు. చివర్న అచ్చువేసిన వాక్యం కింద తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకాలు చేశారు: 'పైన వివరించిన స్థితియందే తిరిగి అప్పగించవలెను.' మొత్తం పని నలభై నిమిషాలు పట్టింది. ఈలోగా అంకమ్మ పాప ముఖం కడిగి, మజ్జిగ తాగించి, తల దువ్వింది.

పలాసలో ఆ నెల ఎలా గడిచిందో నాయుడికి తెలియదు. పొద్దున ఇందుమతిని సైకిల్ మీద జీడితోటల్లోకి తీసుకెళ్లేవాడు. ఆ పిల్ల జీడిపండు కొరికి, గొంతు పట్టేసిందని మొహం చిట్లించి, మళ్లీ ఇంకోటి కొరికేది. ఫ్యాక్టరీలో గింజలు ఒలిచే ఆడవాళ్లందరూ ఆమెకు పిన్నులూ అత్తలూ అయిపోయారు. ఒకరోజు ముందరి పన్ను ఊడింది. దాన్ని మట్టి ఉండలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరారు. నెలాఖరుకు ఆ పిల్ల బుగ్గలు నిండాయి, గౌను పొట్టిదైంది, ఏ మాట అన్నా చివర 'ఏటి?' అనడం నేర్చుకుంది. ఆమె నిద్రపోతున్నప్పుడు నాయుడు చాలాసేపు చూస్తూ కూర్చునేవాడు. వచ్చే దసరా దాకా సరిపోయేంత చూడాలి గదా.

తిరిగి అప్పగించే రోజు వచ్చింది. కళ్లం దగ్గరకు చేరేసరికి రాయి లేదు. పీకేశారు. కారణం నాగరత్న ఇల్లు మారడం. మేడ మెట్లు ఎక్కలేక రెండు వీధుల అవతల కింది వాటా చూసుకుంది. దాంతో సమదూర బిందువు మూడు వందల ఇరవై మీటర్లు జరిగి సరిగ్గా పంట కాలువ నడిమధ్యలో పడింది. కాలువకు నీళ్లు ఆపమని విరూపాక్షరావు ఉత్తరం రాశాడు. నీటిపారుదల వాళ్లు జవాబివ్వలేదు. అందుకని నాలుగు ఖాళీ డ్రమ్ములు కట్టి, పైన చెక్కలు పరిచి తెప్ప తయారుచేయించాడు. తెప్ప మీద కుర్చీ, కుర్చీలో తాను, ముందు కాటా.

"నీళ్లల్లోనా?" అంది నాగరత్న. "చిన్న బిడ్డ సార్. గట్టు మీద చేస్తే ఏమి?"

ఏ గట్టయినా ఆరు గజాలు ఒక పక్షానికి అనుకూలమని ఆయన చెప్పాడు.

ఇందుమతిని తెప్ప ఎక్కించారు. ఆ పిల్లకు ఇదంతా సరదాగానే ఉంది. కాటా ఎక్కింది. ఇరవై నాలుగు కిలోల ఆరు వందలు. విరూపాక్షరావు నోరు తెరవమన్నాడు. లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"ఒక దంతము లోపించినది. కిలో రెండు వందల గ్రాములు అధికముగా ఉన్నది. నీ పేరేమి, అమ్మాయీ?"

"ఇందుమతండి. ఏటి?"

ఆయన కలం ఆగిపోయింది. యాస కూడా మారింది. మూడు అంశాల్లోనూ అప్పగించిన స్థితి లేదు. దంతాన్ని హాజరుపరచమని గట్టు మీదున్న నాయుణ్ని ఆదేశించాడు. ఇంటి కప్పు మీద ఉందని నాయుడు చెప్పాడు. ప్రభుత్వ సాక్ష్యాన్ని కప్పు మీద పారేసినట్టు రాసుకోవడానికి విరూపాక్షరావు లేచి నిలబడ్డాడు. ఆయన బరువైన మనిషి. తెప్ప ఒక పక్కకు ఒరిగింది. కాటా జారి నీళ్లలో పడింది, దాని వెనకే ఇందుమతి పడింది.

నాయుడు ఎప్పుడు దూకాడో అతనికే తెలియదు. నీళ్లు నడుం దాకానే ఉన్నాయి. అయినా ఒడ్డు నుంచి ఆ పిల్ల దాకా వేసిన ఆరడుగులూ ఆరు మైళ్లలా అనిపించాయి. ఎత్తి భుజాన వేసుకునేసరికి అవతలి గట్టు నుంచి నాగరత్న కూడా చీరతోనే దిగి వచ్చేసింది. పాప దగ్గుతోంది, మెడ గట్టిగా పట్టుకుంది. ఒక చెయ్యి తండ్రి మెడ చుట్టూ, ఒక చెయ్యి తల్లి మెడ చుట్టూ. ముగ్గురూ కాసేపు నీళ్లలోనే నిలబడ్డారు.

తెప్ప మీంచి విరూపాక్షరావు గొంతు వినిపించింది. ఇద్దరు తల్లిదండ్రులూ బిందువును అతిక్రమించారనీ, తండ్రి రెండు గజాలు, తల్లి ఒకటిన్నర గజం అనీ ఆయన జిలానీతో రాయిస్తున్నాడు. జిలానీ పెన్ను నీళ్లలో పడిపోయిందన్నాడు. అది అతని చెవి మీదే ఉంది.

ఇంతటితో పోలేదు. బట్టలు ఆరేసుకుంటూ అంకమ్మ వసారాలో కూర్చున్న ఇద్దరి చేతికీ విరూపాక్షరావు కొత్త ఉత్తర్వు ఇచ్చాడు. దాన్ని ఆయన ముందే టైపు చేయించుకుని వచ్చాడు. 'బాలిక తల్లి వద్ద ఉన్నచో తండ్రికి దూరమగుచున్నది. తండ్రి వద్ద ఉన్నచో తల్లికి దూరమగుచున్నది. ఉభయులకును సర్వకాలములయందును సమాన దూరములో ఉంచుటయే న్యాయము. కావున బాలికను ఇకమీదట సమదూర బిందువు వద్దనే ఉంచుటకు నిర్ణయించడమైనది.' బిందువు దగ్గర వసతి గృహం కట్టేదాకా దగ్గర్లోని హాస్టల్లో పెడతారు. పదిహేను రోజుల గడువు. తల్లిదండ్రులు ఒకేసారి వచ్చి, చెరో పక్క నిలబడి, పావుగంట చూసి వెళ్లవచ్చు.

"ఇద్దరికీ సమానంగా లేకుండా చేస్తారన్నమాట," అంది నాగరత్న.

"సమానము," అన్నాడాయన సంతృప్తిగా, ఆమె మెచ్చుకుందనుకుని. తడిసిన పంచె మార్చుకుని గంటలో వస్తానని జీపు వైపు వెళ్లాడు.

నాయుడు ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. యంత్రం చెడితే ఎక్కడ విప్పాలో అతనికి తెలుసు. దీన్ని ఎక్కడ విప్పాలో తెలియలేదు. ఇందుమతి అంకమ్మ చీర చుట్టుకుని అరుగు మీద నిద్రపోయింది.

"నా గుంటని హాస్టల్లో ఎట్టీస్తారా రత్నా?" అన్నాడు. "అలగయితే నీకాడే ఉంచీ. నాను రాను. సెలవులకీ అడగను. కోర్టులో అలగే సెప్పీస్తాను."

నాగరత్న అతని వైపు చూసింది. విడిపోయాక ఎన్నడూ ఇంత సూటిగా చూడలేదు. "మీరట్ల మాట్లాడొద్దండి," అంది. "అది మీ దగ్గరికి పోవాలని మార్చి నెల నుంచి క్యాలెండర్లో ఒక్కో రోజూ కొట్టేస్తా ఉన్నింది."

తర్వాత ఆమె తన సంచీలోంచి ఆ కార్యాలయం వారి నిబంధనల పుస్తకం తీసింది. నలభై పేజీలు. లెక్కల టీచరు కాబట్టి ముందు నుంచీ చదవలేదు, ఎక్కడ తెగుతుందో చూస్తూ వెనక నుంచి చదివింది. ముప్పై ఒకటో నిబంధన దగ్గర వేలు ఆగింది. తల్లిదండ్రుల నివాసాలు ఒకదానికొకటి కిలోమీటరు లోపు ఉంటే దూరం లేనట్టే భావించాలి, అటువంటి వారి మీద ఈ కార్యాలయానికి ఎట్టి అధికారమూ లేదు.

ఆమె తలెత్తి అంకమ్మ ఇంటిని చూసింది. పాత పెంకుటిల్లు. వసారాకు అటొక గది, ఇటొక గది. ఒకదాంట్లో గోనెసంచులు, ఇంకోదాంట్లో పాత మంచం.

"అవ్వా," అంది, "ఈ రెండు గదులూ మాకు బాడుగకిస్తావా?"

అంకమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "కాపురం చేస్తారా ఏందమ్మా?"

"లేదవ్వా. కాగితం మీదనే."

"కాగితం మీద చేసేదానికి బాడుగెందుకు," అంది అంకమ్మ. "కోతలప్పుడు కాయలేరటానికి ఒకళ్లన్నా రాండి, చాలు."

కిలోమీటరు కాదు, ఈ గుమ్మానికీ ఆ గుమ్మానికీ మధ్య ఎంతో కొలవమని నాయుడు జిలానీని అడిగాడు. జిలానీ టేపు తీశాడు. పదకొండు అడుగులు. ఆ అంకె వేసేటప్పుడు అతని మీసాల కింద చిన్న నవ్వు కదిలింది. ఇద్దరూ చెరో దరఖాస్తు రాశారు. నివాసం ఫలానా అంకమ్మ గారి ఇంటి ఎడమ గది అని ఒకరు, కుడి గది అని ఒకరు. ఉద్యోగ రీత్యా తరచు పొరుగూళ్లకు వెళ్తుంటామని ఇద్దరూ నిజమే రాశారు.

విరూపాక్షరావు పొడి పంచెతో తిరిగి వచ్చి దరఖాస్తులు చదివాడు. టేపు పెట్టి స్వయంగా మళ్లీ కొలిచాడు. వసారా మధ్యలో సున్నంతో గీత గీశాడు. గీతకు అటు అయిదున్నర అడుగులు, ఇటు అయిదున్నర అడుగులు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. కళ్లంలో కాయల వల్ల కావచ్చు.

"నా ముప్పది సంవత్సరముల సర్వీసులో ఇంతటి సమానత్వమును చూడలేదు," అన్నాడు. "మీవంటి తల్లిదండ్రులు ఉన్నచో మావంటి కార్యాలయములతో పని ఏమి?"

ఆయన ముప్పై ఒకటో నిబంధన కింద ఉత్తర్వు రద్దుచేసి, ఫైలు మూసి, దారంతో కట్టి, ఇద్దరికీ నమస్కారం పెట్టి జీపెక్కాడు. ఆ ఏడాది ఆ కార్యాలయానికి ప్రశంసాపత్రం వచ్చిందని తర్వాత తెలిసింది. వచ్చిన ఫైళ్లన్నీ, అంటే ఒకటి, నూటికి నూరుపాళ్లు పరిష్కరించినందుకు.

ఇక జడ్జిగారి మాట ఒక్కటే మిగిలింది. సగం దారిలో కలుసుకోవాలి. దసరా సెలవులకు విజయవాడ స్టేషన్ అనుకున్నారు. హిందూపురం నుంచి ఒడిశా వైపు పోయే రైలు మధ్యాహ్నం అక్కడికి వస్తుంది.

నాయుడు ముందే వచ్చి ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాడు. వెనక్కి వెళ్లమనడానికి ఎవరూ లేరు. రైలు వచ్చింది, ఆగింది. వాళ్లు దిగలేదు. మళ్లీ ఏ కాగితం వచ్చిందో అనుకున్నాడు. పెట్టె పెట్టె వెతుక్కుంటూ చివరిదాకా పరిగెత్తాడు. అంతలో రైలు వెళ్లిపోయింది, ఫోన్ చేస్తే అందలేదు. చాలాసేపటికి ఫోన్ మోగింది.

"మేము రాజమండ్రిలో దిగినామండి," అంది నాగరత్న. కాస్త సిగ్గుపడుతున్నట్టుంది గొంతు. "విజయవాడ వచ్చేటప్పటికి ఇది నా ఒళ్లో మొద్దు నిద్రలో ఉన్నింది. లేపబుద్ధి కాలేదు. ఇంకొంచెం సేపు పండనీ అనుకుంటి. బండి కదిలిపోయె."

నాయుడు తర్వాతి రైలు పట్టుకుని రాజమండ్రి చేరేసరికి పొద్దు వాలుతోంది. వాళ్లు ప్లాట్‌ఫారం చివర బల్ల మీద ఉన్నారు. ఇందుమతి ఇంకా నిద్రపోతూనే ఉంది, తల తల్లి తొడ మీద, కాళ్లు సంచి మీద. నాగరత్న లేపబోయింది. వద్దని సైగ చేసి, సంచి జరిపి, ఆ కాళ్లను తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు నాయుడు.

అవతలి ప్లాట్‌ఫారం మీదికి గుంటూరు వైపు పోయే బండి వచ్చింది. నాగరత్న తిరిగి వెళ్లాల్సింది దాంట్లోనే. అతను అటు చూపించాడు. ఆమె కదల్లేదు.

"పోనీండి," అంది. "వెనక ఇంకోటి ఉండాదంట."